ముఖాలు లేని ముగ్గురు

పొద్దున పది గంటలకు రొట్టెల డబ్బా పట్టుకుని పక్క వాటాకు వెళ్తే, మామ ముందు డబ్బా అందుకోడు. ఒళ్లో ఉన్న బొమ్మను నా వైపు తిప్పి, "ఏం కనబడ్తాంది?" అని అడుగుతాడు. నేను జవాబు చెప్పేదాకా రొట్టె చల్లారుతూనే ఉంటుంది. చల్లారిన జొన్నరొట్టె నమలడం ఎనభై దాటిన పళ్లకు ఎంత కష్టమో ఆయనకు తెలియనిది కాదు. అయినా ఏడేళ్లుగా అదే వరస.

మొదటిరోజు ఆయన చూపించింది ఒక నీలం గడి, దాని పక్కన ఒక చిన్న ఎర్ర గడి. అంతే, ఇంకేమీ లేదు. నేను కాసేపు చూసి, "దేవుని మహిమ కనబడ్తాంది మామా" అన్నాను. అబద్ధం చెప్పలేదు. ఏది చూసినా ముందు దేవుణ్ని తలచుకొమ్మని మా అమ్మ నేర్పింది.

"దేవుడున్నడు బిడ్డా, నేను కాదంటలేను. ఆయన గాక ఇంకేమున్నది?"

"ఒక నీలం గడి. ఒక ఎర్ర గడి."

"రెండిట్ల ఏది నీకు దగ్గరున్నది?"

"ఎర్రది. చిన్నదే గాని, మీదికొస్తున్నట్టు ఉన్నది."

"ఇగో, ఇప్పుడు ఇయ్యి డబ్బా."

ఆయన మాకు చుట్టం కాదు. మా చర్చివాడు, మా గేటు లోపలే ఉన్న రెండు గదుల వాటాలో ఉంటాడు కాబట్టి మామ. భార్య పోయాక, బొంబాయి వదిలి, పుట్టిన ఊరు బీదర్‌కు రెండు ట్రంకు పెట్టెలతో వచ్చేశాడు. పెట్టెల్లో బట్టలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. ఆయన బొమ్మలు గీయలేదు, బొమ్మల గురించి రాశాడు. నలభై ఏళ్లు ఇంగ్లిషు పత్రికల్లో రాశాడు. దేవుళ్లు, రాజులు, కొండలు, నదులు వదిలేసి ఉత్త గీతలూ రంగులూ వేస్తున్న కుర్ర చిత్రకారులను చూసి ఊరంతా నవ్వుతున్న రోజుల్లో, వాళ్ల పక్షాన నిలబడ్డాడు. వాళ్లకు గీయడం రాక కాదు, మనకు చూడడం రాక అని రాశాడట. ఆ మాటకు ఒక పత్రికలో చోటు పోయింది. ఇంకో పత్రికలో మళ్లీ అదే రాశాడు. ఒక కుర్రవాడు పెట్టిన మొదటి ప్రదర్శనకు ఎవరూ రాకపోతే, గది ఖాళీగా కనిపించకూడదని వారం రోజులు తనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"గప్పుడు నేనొక్కణ్నే చూసిన. ఇప్పుడు అవే బొమ్మలకు తాళమేసి, కావలి పెట్టి చూస్తున్నరు" అని నవ్వుతాడు. ఆ నవ్వులో చేదు లేదు. అది చూసి నేను చాలా నేర్చుకున్నాను.

నా చదువు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. చిన్నప్పుడు నాకు మూర్ఛ వచ్చేది. బడిలో రెండుసార్లు పడిపోయాక టీచరు భయపడి, ఇంట్లోనే ఉంచుకోండి అని పంపేసింది. అమ్మ ఏడవలేదు. పప్పు ఏరుతూ, బియ్యం చెరుగుతూ నాకు తెలుగు అక్షరాలు నేర్పింది. ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకాలు రెండే, ప్రతి పూటా చదువుకునే దేవుని వాక్యం, పాటల పుస్తకం. ఆ రెండింటిలోనే నా ఒకటో తరగతీ పదో తరగతీ అయిపోయాయి. కన్నడ మాత్రం నాన్న బస్టాండులో నేర్పాడు. భాల్కి బస్సు, బసవకళ్యాణ్ బస్సు వచ్చినప్పుడల్లా బోర్డు చదివితే ఒక చాక్లెట్. పద్నాలుగో ఏట మూర్ఛ దానంతటదే ఆగిపోయింది. ఈ రోజుకూ పొద్దున లేవగానే ముందు దానికే కృతజ్ఞత చెప్పుకుంటాను. బడికి పోలేదన్న బాధ నాకు ఎప్పుడూ లేదు. పోయి ఉంటే ఆ కన్నడ బడిలో తెలుగు చదవడం వచ్చేది కాదేమో. మా వైపు తెలుగు మాట్లాడే ఇళ్లు బోలెడు, తెలుగు చదివేవాళ్లు తక్కువ.

మా చర్చిలో కుడివైపు గోడకు, ఆడవాళ్లు కూర్చునే వైపు, ఒక పెద్ద బొమ్మ ఉంది. అది మామ తెచ్చిందే. ఆయన బొంబాయిలో ఉన్నప్పుడు, సెలవులకు వచ్చిన ప్రతిసారీ వాళ్లమ్మ, "ఎప్పుడు జూసినా రాస్తనే ఉంటవు, దేని గురించి రాస్తవో ఒక్కటన్న సూపియ్యరాదు బిడ్డా" అనేదట. ఆమెకు చదువు రాదు. అందుకని ఒక ఎండాకాలం ఒక చిత్రకారుణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మనిషి ఇప్పుడు లేడు. రెండు వారాలు మా ఊళ్లో ఉండి, చెక్క పలక మీద యేసుప్రభువు సమాధి నుంచి లేచిన పొద్దును గీసి, చర్చికి ఇచ్చి వెళ్లాడు. కింద సగం మా ఊరి ఎర్రరాయి రంగు. దాని పైన నల్లగా ఒక పెద్ద నోరు, అది ఖాళీ సమాధి. ఆ నలుపు అంచున నిలువుగా మూడు పసుపు గీతలు. అవి సమాధి దగ్గరికి వెళ్లిన ముగ్గురు స్త్రీలు. కళ్లు లేవు, ముక్కు లేదు, చీర అంచు కూడా లేదు.

వాళ్లమ్మ దాని ముందు కూర్చుని చాలాసేపు చూసి, "మంచిగున్నది గని, ముఖాలేవి బిడ్డా?" అని అడిగింది.

మామ దగ్గర జవాబు ఉంది. ఇంగ్లిషులో ఉంది, అచ్చయి కూడా ఉంది. తెలుగులో లేదు. ఆయన నోరు తెరిచి, మూసుకున్నాడట. మరుసటి ఏడు ఆమె చనిపోయింది.

చర్చిలో ఆ బొమ్మను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పెద్దవాళ్లు నల్ల బోర్డు అనేవాళ్లు, పిల్లలు మక్క కంకులు అనేవాళ్లు. క్రిస్మస్‌కు సున్నం వేసేటప్పుడు దించడం, మళ్లీ తగిలించడం, అంతే.

పోయిన ఏడు చర్చి గోడలకు టైల్స్ వేయించాలని నిర్ణయం అయింది. కొల్హార్‌లో చిన్న ఫౌండ్రీ ఉన్న ఒక అన్న, మెషిన్ల భాగాలు పోత పోసే మనిషి, తన తల్లి జ్ఞాపకార్థం ఒక పెద్ద అద్దాల పటం ఇస్తానన్నాడు. ప్రభువు గొర్రెపిల్లను ఎత్తుకుని ఉన్న పటం. దానికి సరిపోయే గోడ ఒకటే, మామ బొమ్మ ఉన్న గోడ.

"మా అమ్మ ముప్పై ఏండ్లు ఈడ పిల్లలకు సండే స్కూల్ జెప్పింది. ఆమె గుర్తుకు ముఖం కనబడే దేవుడుండాలె అక్కా. గా నల్ల బోర్డును స్టోర్ రూంల పెడుదం, పారేస్తమంటలేం గద" అని నాతోనే అన్నాడు. చెడ్డ మనిషి కాదు. ఎవరింట్లో చావైనా మొదట బండి పంపేది అతనే.

ఆ సంగతి మామకు తెలిసిన రోజు ఆయన బొమ్మ తిప్పలేదు. డబ్బా కూడా తీసుకోలేదు.

"బొంబాయిల పోరాడిన, ఢిల్లీల పోరాడిన. గీ ఒక్క గోడ మాత్రం నాకు దక్కలే" అన్నాడు. తర్వాత మెల్లగా, "స్టోర్ రూంకు పోతే పోనియ్యి. గని మా అమ్మ అడిగిందానికి జవాబియ్యకుంటనే పోతది గద" అన్నాడు.

"గట్లయితే రాయుండ్రి మామా. సంఘానికి ఒక ఉత్తరం రాయుండ్రి. అందరి ముందట చదువుదం."

ఆయన నా వైపు వింతగా చూశాడు. "తెలుగుల నాకు రాయరాదు."

ఏడేళ్లు పక్కనే ఉండి నాకు అది తెలియదు. ఉర్దూలో బడి మొదలైంది, మధ్యలో కన్నడ వచ్చింది, తర్వాత ఇంగ్లిషు. తెలుగు వాళ్లమ్మతో మాట్లాడడానికే మిగిలింది. నలభై ఏళ్లు రాసిన మనిషి, సొంత భాష చదవలేడు.

"నాకు రాయొస్తది. మీరు చెప్పుండ్రి" అన్నాను.

అలా ఐదు పొద్దులు కూర్చున్నాం. ఆయన కళ్లు మూసుకుని ఇంగ్లిషులో ఆలోచించి తెలుగులో చెప్పేవాడు. మధ్యలో బండి ఆగిపోయేది.

"కంపోజిషన్. దీనికేమంటరు?"

"అంటే ఏంది మామా?"

"ఏది ఏడ బెట్టాలె అన్న ఇకమతు, నేర్పు."

"సర్దుబాటు అని రాయాల్నా?"

"సర్దుబాటంటే మొగుడూ పెండ్లాలు జేసుకునేది గాదు?"

"ఇల్లు సర్దుకునుడు గూడ అదే."

"సరే, రెండూ ఒకటే. రాయి."

ఇంకో మాట దగ్గర పూటంతా పట్టింది. ఆయన చెప్పే కొత్త రకం బొమ్మలను ఒక్క ముక్కలో ఏమనాలి? చివరికి ఆయనే, "ముఖం తీసేసినంక మిగిలేది" అన్నాడు. అలాగే రాశాను.

నేను చేసిన తప్పు ఇక్కడే మొదలైంది. అప్పట్లో అది తప్పని తెలియలేదు. ఆయన మాట్లాడేది బీదర్ తెలుగు. దాన్ని రాతలో పెట్టాలి. నాకు తెలిసిన రాత తెలుగు ఒకటే, అమ్మ దేవుని వాక్యంలో నేర్పింది. అందువల్ల ఆయన "గా పొద్దుగాల ముగ్గురాడోళ్లొచ్చిండ్రు" అంటే నా కలం ఇలా రాసింది:

"ఆ ఉదయమున ముగ్గురు స్త్రీలు వచ్చిరి. వారి ముఖములను ఎవరును చూడలేదు. వారు తెచ్చిన వార్తను మాత్రమే వినిరి, వినియు నమ్మలేదు. గనుక చిత్రకారుడు వారికి ముఖములు పెట్టలేదు. నమ్మినవాడు తన ముఖమును అక్కడ పెట్టుకొనవలెనని ఆ చోటు విడిచెను."

చదివి వినిపిస్తే మామ కళ్లు తెరవలేదు. నాకు భయం వేసింది. "మార్చమంటరా మామా?"

"వద్దు. మా అమ్మ వాక్యం ఎవర్తోనన్న చదివించుకొని ఇంటుండె. గిట్లనే వినబడుతుండె. ఉండనియ్యి."

కింద ఇంగ్లిషులో సంతకం చేశాడు.

మూడో ఆదివారం ఆరాధనలో వాక్యభాగాలు చదివే వంతు నాది. రెండో భాగం అయిపోగానే, కానుకలకు ముందు, చర్చి సెక్రటరీ లేచి, ఇప్పుడు మామగారి ఉత్తరం చదువుతారు అని చెప్పాలి. తర్వాత నేను చదవాలి. అదీ మాట. మా చర్చిలో మొదటి రెండు భాగాలూ కూర్చుని వింటాం. సువార్త భాగం వచ్చినప్పుడు మాత్రం అందరూ లేచి నిలబడాలి. ఆ వారం సువార్తను పాస్టరు అయ్యగారు ప్రసంగంలో తానే చదువుకుంటానన్నారు.

సరిగ్గా నేను రెండో భాగం ముగించే వేళకు గేటు దగ్గర టైల్స్ ఆటో వచ్చి ఆగింది. ఆదివారం తప్ప ఆటోవాడికి తీరదట. సెక్రటరీ పరుగున బయటికి వెళ్లాడు. అయ్యగారు నా వైపు చూసి, కానియ్యమ్మా అన్నట్టు తల ఊపారు. ఉత్తరం నేను పుస్తకంలోనే పెట్టుకున్నాను. పేజీ తిప్పి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"ఆ ఉదయమున ముగ్గురు స్త్రీలు వచ్చిరి..."

ముందు వరసలోని పెద్దమ్మ బెంచీ పట్టుకుని లేచింది. మోకాళ్లు నొప్పని కీర్తనలకు కూడా లేవని మనిషి. ఆమెను చూసి ఆ వరస, ఆ వరసను చూసి వెనక వరసలు. అందరూ లేచి చేతులు కట్టుకున్నారు. పుస్తకంలో చూసి చదువుతున్నాను, ఆ మాటలు ఆ రీతిలోనే ఉన్నాయి, సమాధి ఉంది, స్త్రీలు ఉన్నారు. సువార్తే అనుకున్నారు.

అక్కడే ఆగి, కూర్చోండి, ఇది ఉత్తరం అని చెప్పవలసింది. నోరు ఆగలేదు. రెండు పేజీలు. ఫ్యాన్ల చప్పుడు, బయట టైల్స్ పెట్టెలు దించుతున్న చప్పుడు. సర్దుబాటు అన్న మాట దగ్గర కూడా ఎవరూ కదలలేదు. ముఖం తీసేసినంక మిగిలేది అన్నచోట ఎవరో నిట్టూర్చారు. నిలబడనిది ఒక్క మామే. వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్నాడు. సొంత ఉత్తరానికి తానే లేచి నిలబడే మనిషి కాదు.

చివరి వాక్యం అయిపోగానే పెద్దమ్మ "ఆమెన్" అంది. వెంటనే చర్చి మొత్తం "ఆమెన్" అంది.

దేవుని సన్నిధిలో మోసం చేసినట్టయింది. "తప్పయింది, క్షమించుండ్రి" అన్నాను. "ఇది వాక్యం గాదు. మామ సంఘానికి రాయించిన ఉత్తరం. తెలుగు నాది. మీరు లేసినప్పుడే చెప్పాల్సింది, చెప్పలే."

ముందుగా నవ్వింది కొల్హార్ అన్న. "గందుకే అనుకున్న, సువార్తల సర్దుబాటు ఏడికెల్లి వచ్చిందని!" అన్నాడు. అయ్యగారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడే లోపలికి వచ్చిన సెక్రటరీకి ఏమీ అర్థం కాలేదు.

"నవ్వుకుంటే నవ్వుకోండ్రి" అంది పెద్దమ్మ, ఇంకా నిలబడే. "నేనైతే ఆమెన్ అన్న. మీరందరన్నరు. ఇగ అది వాపస్ తీసుకుంటమా? అయ్యగారూ, తీసుకోవచ్చునా?"

"తీసుకోరాదు పెద్దమ్మా" అన్నారు అయ్యగారు.

"మరి గా బొమ్మను ఆమెన్ అన్నంక స్టోర్ రూంలెట్ల పెడ్తరు?"

ఆరాధన అయ్యాక కొల్హార్ అన్న ఇంటికి వెళ్లలేదు. బొమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. మామ కర్ర పట్టుకుని మెల్లగా పక్కకు వచ్చాడు. అన్న పెద్దమ్మ మాటకు తల వంచి ఊరుకుంటాడా, లోపల కష్టపెట్టుకుంటాడా? తల్లి జ్ఞాపకం అతనిది. అది చిన్నది కాదు.

"నేను చదువుకున్నోణ్ని గాదు మామా. దీంట్ల ఏం జూడాల్నో జెప్పు" అన్నాడు.

"నేను జెప్ప. నీకేం కనబడ్తాంది?"

అన్న చాలాసేపు చూశాడు. నెత్తి గోక్కున్నాడు. "నలుపు. మా భట్టీ నోరు లెక్కున్నది" అన్నాడు. తర్వాత దగ్గరికి జరిగి, వెనక్కి జరిగి, మళ్లీ దగ్గరికి జరిగాడు. "గీ మూడు గీతలు... ఆగు. వీటి మీద ఎల్తురు పడ్తలేదు మామా. కిటికీ ఇటున్నది గద, గీసినాయన నీడ గీయలే. ఎల్తురు వీటిల్నుంచే వస్తాంది. ఇనుము మస్తు కాలినంక గట్లనే అయితది. గప్పుడు దానికి అంచుండదు, ముఖముండదు, ఎల్తురే ఉంటది."

మామ బొమ్మ వైపు ఒక అడుగు వేశాడు. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇన్నేండ్లు రాసిన. గీ మాట నాకు దొరకలే బిడ్డా" అన్నాడు చివరికి. "మా అమ్మ అడిగింది, నేను చెప్పలేకపోయిన. నువ్వు జెప్పినవ్."

అన్న సిగ్గుపడి, "మాదేముంది మామా, రోజూ జూసేదే" అన్నాడు. పటం సంగతి అతనే తేల్చాడు. వాళ్లమ్మ కూర్చుని చెప్పిన సండే స్కూల్ గదిలోనే పెడదామన్నాడు. పిల్లలకు గొర్రెపిల్ల దగ్గరగా కనిపిస్తుంది, అమ్మకూ అదే ఇష్టమని.

టైల్స్ మేస్త్రీ బొమ్మ చుట్టూ చోటు వదిలి గోడ నింపాడు. ఎడమవైపు రెండు వేళ్లంత ఎక్కువ వదిలేశాడు, వంకరగా. సెక్రటరీ కోప్పడితే మామ అడ్డుపడ్డాడు. "ఉండనియ్యుండ్రి. అది గూడ సర్దుబాటే." ఇప్పుడు ఆ రెండు వేళ్ల చోటులో పాత సున్నం కనిపిస్తుంది. పిల్లలు ఇప్పటికీ మక్క కంకులే అంటారు. మేం వారించం.

ఈ మధ్య ఒక పొద్దున మామ ఉత్తరం మళ్లీ తెప్పించుకున్నాడు. కొల్హార్ అన్న చెప్పిన మాటను చివర చేర్పించాడు, ఎవరు చెప్పారో కూడా రాయించాడు. ఈసారి అన్న మాట అన్నట్టే రాశాను, ఒక్క అక్షరం సర్దలేదు. తర్వాత పాత సంతకం కొట్టేసి, "తెలుగుల నా పేరెట్ల రాస్తరు?" అని అడిగాడు.

చిత్తుకాగితం మీద రాసి చూపించాను. అమ్మ నాకు నేర్పినట్టే, ఒక్కో అక్షరాన్ని వేలితో దిద్దించాను. నాకోసం పప్పు చాట పక్కన పెట్టుకుని కూర్చున్న ఆమెను తలచుకుని, లోపల ఒక చిన్న ప్రార్థన చేసుకున్నాను. ఆయన నాలుక బయటపెట్టి, ఎడం చేత్తో కాగితం నొక్కి పట్టి, ఉత్తరం కింద రాశాడు. రాసి నా వైపు తిప్పాడు.

"ఏం కనబడ్తాంది?"

ఏవో పెద్ద మాటలు నోటిదాకా వచ్చాయి. మింగేశాను. ఆయన నేర్పినట్టే చెప్పాను.

"మూడక్షరాలు. మొదటిది పెద్దగున్నది. నడిమిది దాని మీద ఒరిగింది. ఆఖర్ది గీత కిందికి జారింది, గని పడలే."

"సరిగ్గ జూసినవ్" అన్నాడు మామ. "ఇయ్యి డబ్బా."